ఏ తరం పాట ఆ తరం పెట్టెలోంచే: రాక్, పాప్ అభిరుచులు మారిన తీరు

సభకు నమస్కారం.

రాక్, పాప్ సంగీతంలో ఒక తరానికి ప్రాణమైన పాట తర్వాతి తరానికి ఎందుకు పాతబడుతుంది, ఆ తర్వాతి తరం పాట ముందువాళ్లకు ఎందుకు గోలగా వినపడుతుంది అన్నది ఇవాళ్టి విషయం. ఈ సంగీతం పుట్టి పెరిగింది అమెరికాలో, బ్రిటన్‌లో కాబట్టి ఎక్కువగా అక్కడి సంగతులే చెబుతాను. ఈ చర్చ ఏ ఇంట్లో వచ్చినా పెద్దలు "మా రోజుల్లో పాట అంటే పాట" అంటారు, పిల్లలు "మీకు కొత్తది ఎక్కదు" అంటారు. రెండు మాటల్లోనూ ఇష్టం తెలుస్తుంది గానీ కారణం తెలియదు.

కారణం వెతికితే చాలావరకు పాట మన దాకా వచ్చిన దారిలోనే దొరుకుతుంది. ఒక మనిషి పదిహేను, పాతికేళ్ల మధ్య ఏ పెట్టెలోంచి పాట విన్నాడు, ఆ పెట్టె ఏ శబ్దాన్ని బాగా పలికిస్తుంది, దేన్ని మింగేస్తుంది, పాట ఎంతసేపు ఉండనిస్తుంది అన్నవి అతని చెవిని తయారుచేస్తాయి. పాట చేసేవాళ్లు కూడా ఆ పెట్టెను దృష్టిలో పెట్టుకునే చేశారు. అందుకే ఒక కాలం పాటను ఇంకో కాలం పెట్టెలో వింటే సగం పోతుంది. అది ఎలా పోతుందో, ఇంట్లో ఎలా సరిచేసుకోవచ్చో రెండూ చెబుతాను.

ముందు వయసు సంగతి చూద్దాం. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 16 నుంచి 86 ఏళ్ల మధ్య ఉన్న 108 మందికి, 1932 నుంచి 1986 దాకా వచ్చిన 28 హిట్ పాటల ముక్కలు వినిపించి మార్కులు వేయమన్నారు. మార్కులు ఎక్కువ పడ్డది, సగటున, వాళ్లకు 23, 24 ఏళ్ల వయసున్నప్పుడు వచ్చిన పాటలకు. అంతకు ముందువాటికి, తర్వాతివాటికి మార్కులు తగ్గుతూ పోయాయి. 108 మంది అంటే చిన్న లెక్క, పైగా ఒకే దేశం. కాబట్టి ఆ 23 అనే అంకెను పట్టుకోకండి. ఒక వయసు దగ్గర గుట్టలా లేచి రెండు పక్కలా వాలే ఆ గీత ఆకారాన్ని గుర్తుపెట్టుకోండి.

2013లో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ చేసిన అధ్యయనం దీనికి ఇంకో మలుపు ఇచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లకు 1955 నుంచి 2009 దాకా వచ్చిన పెద్ద హిట్లు వినిపించారు. వాళ్లకు తమ కాలం పాటలు ఇష్టం కావడంలో వింత లేదు. కానీ వాళ్ల అమ్మానాన్నలు యవ్వనంలో ఉన్నప్పటి పాటల దగ్గర గీత మళ్లీ లేచింది. 1960ల పాటల దగ్గర ఇంకొకసారి లేచింది. చిన్నప్పుడు ఇంట్లో, కారులో పెద్దలు పెట్టిన పాటలు పిల్లల చెవుల్లో మిగిలిపోయాయని అర్థం. తరాల మధ్య గోడ ఉందంటాం గానీ, ఆ గోడకు తలుపు ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు పెట్టెల దగ్గరికి వద్దాం.

యాభైల ముందు పాట అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు. పది అంగుళాల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పాట పట్టేది. 1948లో కొలంబియా కంపెనీ 33⅓ చుట్ల ఎల్పీ తెచ్చింది, పన్నెండు అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్ల ఏడు అంగుళాల చిన్న రికార్డు తెచ్చింది. ఎల్పీ ఖరీదైనది. శాస్త్రీయ సంగీతం, నాటక సంగీతం వినే పెద్దవాళ్లు కొనేవాళ్లు. 45 చవక, చేతి ఖర్చు డబ్బులతో పిల్లలు కొనుక్కోగలిగేది. ఒకే ఇంట్లో రెండు తరాలు రెండు రకాల రికార్డులు కొనడం ఇక్కడ మొదలైంది. రాక్ అండ్ రోల్ ఆ చిన్న రికార్డు మీదే నడిచింది.

ఇక్కడ ఒక భౌతిక సంగతి ఉంది, చాలామందికి తెలియదు. రికార్డు మీద శబ్దం పెద్దగా ఉండాలంటే సూది నడిచే గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగాలి. అలా ఊగితే గాళ్ల మధ్య దూరం పెరగాలి, అంటే పట్టే సమయం తగ్గుతుంది. ఐదు నిమిషాల పాటను 45లో ఇరికిస్తే గాళ్లు దగ్గరవుతాయి, శబ్దం చిన్నదవుతుంది. జ్యూక్‌బాక్సులో, అంటే నాణెం వేస్తే కోరిన పాట వేసే పెట్టెలో, పక్క రికార్డు పక్కన అది నీరసంగా వినపడుతుంది. అందుకే రెండున్నర నిమిషాల్లో ముగించి గట్టిగా కోసేవాళ్లు. ఆ తరానికి పాట చిన్నదిగా, చురుగ్గా ఉండాలన్న అభిప్రాయం గాడి వెడల్పులోంచి వచ్చింది.

రెండో పెట్టె ట్రాన్సిస్టర్ రేడియో. 1954 చివర్లో రీజెన్సీ టీఆర్-1 అమ్మకానికి వచ్చింది, నాలుగు ట్రాన్సిస్టర్లు, ధర 49.95 డాలర్లు. అప్పటికి అది చిన్న మొత్తం కాదు. తర్వాతి ఏళ్లలో జపాన్ రేడియోలు వచ్చి ధర పడిపోయాక అది పిల్లల జేబులోకి చేరింది. అంతకుముందు రేడియో ముందు గదిలో ఉండేది, ఏ స్టేషన్ పెట్టాలో ఇంటి పెద్ద నిర్ణయించేవాడు. ఇప్పుడు ఆ నిర్ణయం దిండు కిందకి వెళ్లింది.

ఆ రేడియోలో స్పీకరు రెండు, మూడు అంగుళాలు. లోతైన బేస్, అంటే కింది స్థాయి శబ్దం, అందులో పలకదు. ఆ చిన్న ఏఎం రేడియోల్లో పై స్థాయి కూడా సుమారు 5,000 హెర్ట్జ్ (సెకనుకు 5,000 కంపనాలు) దగ్గర తెగిపోతుంది. మిగిలేది మధ్య భాగం, అంటే మనిషి గొంతు, చప్పట్లు, టాంబురిన్, గిటారు ఉండే చోటు. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ 1959లో మొదలుపెట్టిన మోటౌన్ రికార్డు కంపెనీలో, గొంతులు, వాద్యాలు కలిపి మిక్స్ చేసిన పాటను కారు రేడియో స్పీకరు లాంటి చిన్న స్పీకరులో వినిపించి, అక్కడ బాగుంటేనే ఒప్పుకునేవాళ్లు. మోటౌన్ పాటల్లో టాంబురిన్, చప్పట్లు అంత ముందుకు ఎందుకున్నాయంటే కారణం అది. ఇవాళ మంచి స్పీకర్ల మీద విన్న కుర్రవాడు "ఇందులో కింద ఏమీ లేదు, పైన గణగణ ఎక్కువ" అంటాడు. అతను విన్నది నిజమే. ఆ పాట ఆ మంచి స్పీకర్ల కోసం చేసింది కాదు.

మన దేశానికీ ఇక్కడ ఒక ముడి ఉంది. బ్రిటన్‌లో 78 చుట్ల రికార్డులు ఆగిపోయాక కూడా కలకత్తా దమ్‌దమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలు 78లుగా అచ్చయ్యాయి. కరెంటు లేని ఊళ్లలో, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి. లండన్ కుర్రవాడు, మన దేశపు కుర్రవాడు ఒకే పాటను ఒకే కాలంలో రెండు వేర్వేరు యుగాల యంత్రాల్లో విన్నారన్నమాట.

అరవైల రెండో సగంలో పెట్టె మళ్లీ మారింది. అమెరికాలో 1961లో ఎఫ్‌ఎం స్టీరియో, అంటే కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరు శబ్దం పంపే ప్రసారాలకు అనుమతి వచ్చింది. ఆ దశాబ్దం మధ్యలో, పెద్ద నగరాల్లో ఒకే యజమానికి ఏఎం, ఎఫ్‌ఎం రెండూ ఉంటే, ఏఎం కార్యక్రమాన్నే ఎఫ్‌ఎంలో సగం సమయానికి మించి వేయకూడదని నియమం పెట్టారు. ఎఫ్‌ఎం స్టేషన్లకు హఠాత్తుగా గంటల కొద్దీ ఖాళీ సమయం మిగిలింది. దాన్ని నింపింది ఎల్పీలు. ఆరు నిమిషాల పాట, పది నిమిషాల పాట ప్రసారం కావడం అక్కడ మొదలైంది. లెడ్ జెపెలిన్ 1971 నాటి ఎనిమిది నిమిషాల పాట అమెరికాలో సింగిల్‌గా అమ్మకానికే రాలేదు, అయినా ఎఫ్‌ఎంలో మారుమోగింది. రెండు స్పీకర్ల ముందు కూర్చుని, అట్ట మీద బొమ్మ చూస్తూ నలభై నిమిషాలు వినే శ్రోత తయారయ్యాడు. పదేళ్ల ముందు ట్రాన్సిస్టర్ పట్టుకుని తిరిగిన వాళ్ల అన్నయ్యకు ఇది సాగదీతలా అనిపించింది. ఇద్దరి మధ్య వయసు తేడా పదేళ్లే.

స్టీరియో గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి, పిల్లలకు పాత పాట వినిపించేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బీటిల్స్ 1963 నాటి తొలి రెండు ఆల్బమ్‌లు రెండు ట్రాకుల టేపు మీద రికార్డయ్యాయి. ఒక ట్రాకులో గొంతులు, రెండోదానిలో వాద్యాలు. తర్వాత రెండింటి పాళ్లు చూసుకుని మోనోగా, అంటే అంతా ఒకే ధారగా, కలపడం కోసం అలా విడదీశారు. స్టీరియో రికార్డు కావాలన్నప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి పెట్టేశారు. 1967 దాకా బ్యాండువాళ్లు దగ్గర కూర్చుని చేయించుకున్నది మోనో మిక్సులే, స్టీరియో పని ఎక్కువగా నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్లు తొందరగా ముగించేవాళ్లు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు చెరొక ఇయర్‌బడ్ పెట్టుకుని ఆ స్టీరియో వింటే ఒకరికి గొంతులు, ఇంకొకరికి డ్రమ్ములు, గిటార్లు వినపడతాయి. ఇద్దరికీ పాట నచ్చదు, నచ్చడానికి పాట వాళ్లను చేరలేదు. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద "మోనో ఆడియో" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే రెండూ కలుస్తాయి. అరవైల మధ్య దాకా వచ్చిన పాటలకు ఇది తప్పకుండా చేయండి, తర్వాత తిరిగి ఆఫ్ చేయడం మరచిపోవద్దు. డెబ్భైల పాటలకు స్టీరియో ప్రాణం.

ఇక ఎనభైలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పాటలో అన్నిటికంటే ముందు పాతబడేది ఏది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ స్పష్టంగా దొరుకుతుంది.

1979 జులైలో సోనీ వాక్‌మన్ జపాన్‌లో వచ్చింది. 1980లో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ వచ్చింది. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది. 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు, అదే ఏడాది వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే మిడీ పద్ధతి వచ్చాయి. నాలుగైదేళ్లలో ఇన్ని. మాథియాస్ మౌచ్ బృందం 2015లో, 1960 నుంచి 2010 దాకా అమెరికా వారపు హిట్ పాటల పట్టిక హాట్ 100లో ఉన్న సుమారు 17,000 పాటల ముక్కలను కంప్యూటరుతో కొలిచినప్పుడు పెద్ద మలుపులు మూడు కనపడ్డాయి: 1964, 1983, 1991. 1983 మలుపు ఈ యంత్రాలదే. 1964 అనగానే బీటిల్స్ అమెరికాలో దిగడం గుర్తొస్తుంది గానీ, ఆ మార్పు వాళ్లు రాకముందే మొదలైందని ఆ అధ్యయనంలో తేలింది.

డీఎక్స్7 సంగతి చూడండి. అందులో కొత్త శబ్దం తయారుచేయడం చాలా కష్టం. శబ్దం పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలపడానికి 32 అమరికలు, చూడటానికి రెండు వరుసల చిన్న తెర. ఒక విలువ మారిస్తే శబ్దం ఎటు పోతుందో ఊహించడం కష్టం. అందుకని ఎక్కువమంది కంపెనీ నింపి ఇచ్చిన శబ్దాలనే వాడుకున్నారు. అందులోని ఎలక్ట్రిక్ పియానో శబ్దం ఆ దశాబ్దపు మెల్లని ప్రేమ పాటల్లో లెక్కలేనన్ని చోట్ల ఉంది. ఒకే శబ్దం అన్ని పాటల్లో ఉంటే ఆ శబ్దం తేదీ ముద్ర అవుతుంది.

డ్రమ్ముల సంగతీ అంతే. 1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్ రికార్డింగు జరుగుతోంది. డ్రమ్ములు ఫిల్ కాలిన్స్, ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్. గదిలోని కళాకారుల మాటలు కంట్రోల్ రూముకు వినపడటానికి పైన ఒక మైకు ఉంటుంది. ఎంత దూరంగా మాట్లాడినా వినపడాలని దానికి గట్టి కంప్రెసర్, అంటే చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా తగ్గించే పరికరం, పెడతారు. ఆ మైకు తెరిచి ఉండగా కాలిన్స్ డ్రమ్ము కొట్టాడు. గది ప్రతిధ్వని మొత్తం ఉబ్బి వచ్చింది. దానికి నాయిస్ గేటు జోడించారు. అంటే శబ్దం ఒక స్థాయి కిందకి రాగానే తలుపు మూసినట్టు తెగిపోతుంది. పెద్ద హాలు మోతంతా వస్తుంది, కానీ సెకనులో చిన్న భాగానికే ఆగిపోతుంది. ప్రకృతిలో ఇలాంటి శబ్దం లేదు. ఆ కొత్తదనానికి ప్రపంచమంతా పడిపోయింది, పదేళ్లు ప్రతి స్నేర్ డ్రమ్ముకూ అదే వాడింది. తొంభైల పిల్లలు ఆ ఒక్క డ్రమ్ము దెబ్బ వినగానే "పాత పాట" అని పక్కన పెట్టేశారు.

నా దృష్టిలో తరాల మధ్య పేచీలో ముఖ్యమైన సంగతి ఇదే. పిల్లలు తోసేసేది స్వరాన్ని కాదు, నాదం రంగును. అదే పల్లవిని కొత్త వాద్యాలతో పాడితే సంతోషంగా వింటారు. స్వరానికి తేదీ తక్కువ, శబ్దానికి తేదీ ఎక్కువ. ఇంకో సంగతి: ఇరవై, పాతికేళ్లు గడిచాక ఆ శబ్దమే తిరిగి వస్తుంది. ఎనభైల సింథు (ఎలక్ట్రానిక్ కీబోర్డు) శబ్దం, ఆ తెగిపోయే డ్రమ్ము 2010ల నుంచి పాప్‌లో మళ్లీ వినపడుతున్నాయి. చిన్నప్పుడు ఇంట్లో వాటిని విన్న పిల్లలు పెద్దయి నిర్మాతలయ్యారు. అప్పుడు లక్షలు పోసి కొన్న యంత్రాలు ఇప్పుడు లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌గా దొరుకుతున్నాయి.

మన తెలుగు శ్రోతల్లో చాలామందికి ఈ శబ్దాలు సినిమా పాటల ద్వారానే చేరాయి. ఎనభైల చివరి పాటల్లో కీబోర్డు, డ్రమ్ మెషీన్, 1992 తర్వాత ఎ.ఆర్. రెహమాన్ తెచ్చిన సింథు బేస్ అవే. పాశ్చాత్య పాప్ ఒక్కటీ వినని ఇంట్లో కూడా దాని శబ్దం పట్ల అభిరుచి పెరిగింది.

మూడో మలుపు 1991. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ ఏడాది సంగీతంతో పాటు లెక్కపెట్టే పద్ధతీ మారింది. అప్పటిదాకా బిల్‌బోర్డ్ పత్రిక రికార్డు షాపులకు ఫోను చేసి ఏవి బాగా పోతున్నాయని అడిగేది. షాపులో కుర్రవాడు గుర్తున్నంత వరకు, తనకు తోచినంత వరకు చెప్పేవాడు. కంపెనీలవాళ్లు షాపులవాళ్లను మంచి చేసుకోవడం మామూలే. 1991 మే నుంచి ఆల్బమ్ చార్టుకు సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది, బిల్లు వేసేటప్పుడు బార్‌కోడ్ చదివితే అది లెక్కలోకి వస్తుంది. నెల తిరిగేసరికి ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ కంట్రీ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది. 1992 జనవరిలో నిర్వాణా ఆల్బమ్ మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను తోసి పైకెక్కింది.

చూసేవాళ్లకు దేశం అభిరుచి ఏడాదిలో తలకిందులైనట్టు అనిపించింది. నిజానికి ర్యాప్, కంట్రీ, హెవీ మెటల్ వినేవాళ్లు ముందు నుంచీ లక్షల్లో ఉన్నారు. షాపువాడి నోటి లెక్కలో వాళ్లు లేరు. అంకెల్లోకి రాగానే రేడియోలు, కంపెనీలు వాళ్ల కోసం డబ్బు పెట్టాయి, అప్పుడు నిజంగానే అభిరుచి మారింది. కాబట్టి "ఫలానా తరానికి ఫలానాది ఇష్టం" అని చార్టు చూపించి ఎవరైనా చెబితే, ఆ చార్టు ఏం లెక్కపెట్టిందో ముందు అడగండి. రేడియోలో వేసినవా, షాపులో కొన్నవా, ఫోనులో విన్నవా? మూడింటికీ మూడు రకాల తరాలు కనపడతాయి.

తర్వాతిది సీడీ, దానితో వచ్చిన శబ్దాల పోటీ. 1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ అమ్మకానికి వచ్చింది. రికార్డులో గాడి వెడల్పు అడ్డం ఉండేది, సీడీలో అది లేదు. ఒక పై కప్పు మాత్రం ఉంది, దాన్ని దాటి అంకెలు వెళ్లలేవు. పాట పక్క పాటకంటే పెద్దగా వినపడాలంటే చిన్న శబ్దాలను కూడా ఎత్తి కప్పుకు ఆనించాలి. తొంభైల నుంచి ఇది పెరుగుతూ పోయింది. డ్రమ్ము దెబ్బ మొన విరిగి చదునవుతుంది, మెల్లని చరణం, గట్టి పల్లవి రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, పది నిమిషాలకు చెవి అలిసిపోతుంది. 2008లో మెటాలికా ఆల్బమ్ వచ్చినప్పుడు అభిమానులు ఒకటి గమనించారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో ఇంత నొక్కకుండా ఉన్నాయి, సీడీకంటే అక్కడే బాగున్నాయి.

ఇదీ తరాల పేచీలో భాగమే. అలాంటి పాటలతో పెరిగిన చెవికి 1975 నాటి రికార్డు నీరసంగా ఉంటుంది. పాత రికార్డుతో పెరిగిన చెవికి 2005 నాటి పాట ఊపిరాడనట్టు ఉంటుంది. పది డెసిబెల్స్ తేడా ఉంటే మన చెవికి ఇంచుమించు రెట్టింపు పెద్దగా వినపడుతుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చాలామంది పెద్దగా ఉన్నదాన్నే "బాగుంది" అంటారు, శబ్దం పెద్దదని గుర్తించరు.

గొంతు సంగతి ఒకటి చెప్పి ముందుకెళతాను. ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది, దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాలు వెతకడానికి భూకంప తరంగాల లెక్కలు చేసిన ఇంజనీరు. అందులో గొంతును సరైన స్వరానికి ఎంత వేగంగా లాగాలో పెట్టే మీట ఉంటుంది. మెల్లగా పెడితే ఎవరికీ తెలియదు. సున్నాకు తెస్తే గొంతు మెట్లు మెట్లుగా గెంతుతుంది. 1998లో షెర్ పాటలో కావాలనే అలా పెట్టారు, అప్పటి నుంచి అదొక వాద్యంలా వాడుతున్నారు. పెద్దవాళ్లు "పాడటం రాక" అంటారు, చాలా పాటల్లో అది ఎంచుకున్న రంగు. కానీ గమకానికి అలవాటు పడ్డ మన చెవికి అది మరింత గుచ్చుకోవడానికి కారణం ఉంది. స్వరానికీ స్వరానికీ మధ్య జారే దారిని ఆ మీట తీసేసి పన్నెండు మెట్లకు బిగిస్తుంది.

ఇప్పటి పెట్టె ఫోను. స్ట్రీమింగ్ సేవల్లో పాటను 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క. అంతకు ముందే దాటేస్తే డబ్బు లేదు. అందుకే ముందు సంగీతం కుదించుకుపోయింది. అమెరికా టాప్ టెన్ పాటలను కొలిచిన ఒక అధ్యయనంలో ఎనభైల మధ్యలో ఇరవై సెకన్లకు పైగా ఉన్న ఇంట్రో 2015కి ఐదు సెకన్లకు దిగింది. పల్లవి ముందుకొచ్చింది. కింద బేస్ మాత్రం లోతుకెళ్లింది, ఇయర్‌బడ్ చెవి రంధ్రాన్ని మూసి 50 హెర్ట్జ్ దాకా పలికించగలదు కాబట్టి. 808 డ్రమ్ము మోత ఉండేది అక్కడే. అదే పాటను తాతగారు ఫోను స్పీకరులోనో, పల్చని టీవీ స్పీకరులోనో వింటే ఆ మోత మొత్తం మాయమై, పైన టిక్కు టిక్కుమని హై-హ్యాట్ తాళాలు, మాటలు మిగులుతాయి. "ఇందులో సంగీతం ఎక్కడుంది?" అని ఆయన అడిగితే, ఆయన విన్నంతలో నిజంగానే లేదు. ట్రాన్సిస్టర్ పాటను మంచి స్పీకరులో విన్న కుర్రవాడికి జరిగినదే ఇక్కడ తిరగబడి జరుగుతోంది.

ఇంకో మార్పు ఉంది, నాకు ఇది చాలా సంతోషం కలిగించేది. ఇప్పుడు పిల్లలకు పాట తేదీ అడ్డం కాదు. 1985లో వచ్చిన కేట్ బుష్ పాట అప్పట్లో బ్రిటన్‌లో మూడో స్థానంలో ఆగింది. 2022లో ఒక వెబ్ సిరీస్‌లో వచ్చాక మొదటి స్థానానికి ఎక్కింది, ఎక్కించింది ఎక్కువగా 1985 నాటికి పుట్టనివాళ్లు. 45 రికార్డుల కాలంలో పదేళ్ల పాత పాట షాపులో దొరకడమే కష్టం. ఇప్పుడు 1967, 1983, 2024 ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్నాయి. పోయింది మాత్రం ఆల్బమ్ వరుసలో వినే అలవాటు. డెబ్భైల సంగీతం విషయంలో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే ఆ పాటలు ఒకదాని తర్వాత ఒకటి రావడానికే అమర్చినవి.

ఇప్పుడు ఇంట్లో చేయదగిన పద్ధతి. మూడు తరాలవాళ్లు ఒక గదిలో కూర్చోండి, ఒక్కొక్కరు నాలుగేసి పాటలు ఇవ్వాలి. అంతకంటే ఎక్కువైతే చెవి అలుస్తుంది. పాట ఎంచేటప్పుడు అది అసలు రికార్డింగేనా, తర్వాత మళ్లీ పాడిందా అని చూడండి. పాత గాయకులు హక్కుల కోసం అవే పాటలు తిరిగి రికార్డు చేసినవి సేవల్లో చాలా ఉంటాయి, గొంతు వయసు తేడాగా ఉంటుంది. "రీమాస్టర్" అని ఉంటే శబ్దం పెంచి ఉండే అవకాశం ఎక్కువ. వీలుంటే రీమాస్టర్ కాని ప్రతి వెతకండి.

శబ్దం సమం చేయడం అన్నిటికంటే ముఖ్యం. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్ ఆన్ చేస్తే పాటలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకు, శబ్దం పెద్దదనాన్ని కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో మైనస్ 14 దగ్గరికి, వస్తాయి. యూట్యూబ్ పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది గానీ చిన్నదాన్ని పెంచదు, కాబట్టి అక్కడ పాత పాటలు చిన్నగానే ఉండిపోతాయి, చేత్తో పెంచాలి. చేత్తో సమం చేసేటప్పుడు గొంతు ఎత్తు చూసుకోండి, డ్రమ్ము ఎత్తు కాదు. స్పీకరు ఫోనుది కాకుండా, కనీసం ఐదారు అంగుళాల వూఫర్ (బేస్ పలికించే భాగం) ఉన్నది పెట్టండి. దాన్ని గది మూలలో పెట్టకండి, మూలలో బేస్ ఉబ్బి 808 పాటలు బురదగా వినపడతాయి.

పెద్దవాళ్ల వినికిడి సంగతి మరవద్దు. వయసుతో పై స్థాయి శబ్దాలు ముందు తగ్గుతాయి, స, ష, త, క లాంటి హల్లుల పదును అక్కడే ఉంటుంది. దట్టంగా నొక్కిన మిక్సులో వాళ్లకు మాటలు అందవు. "అర్థం కాని పాట" అనడానికి చాలాసార్లు ఇదే కారణం. దానికి వాల్యూమ్ పెంచడం మందు కాదు, వాళ్లను స్పీకరుకు దగ్గరగా కూర్చోబెట్టి, పాట మాటలు తెర మీద చూపించండి. వాల్యూమ్ 80 డెసిబెల్స్ దాటనివ్వకండి, ఆ స్థాయిలో వారానికి 40 గంటలు పెద్దవాళ్లకు సురక్షిత పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, పిల్లలకు 75.

పాట పేరు, ఏడాది చెప్పకండి. ఎవరి పాట ఎప్పుడొస్తుందో తెలియకుండా వరుస కలపండి. మార్కులు పదికి, కాగితం మీద, పైకి చెప్పకుండా. పైకి చెబితే చిన్నవాళ్లు పెద్దల ముఖం చూసి వేస్తారు, పెద్దలు పిల్లల ముఖం చూసి వేస్తారు. ముందు పూర్తిగా ఒకసారి, వారం తర్వాత అదే జాబితా ఇంకోసారి. తెలియని శబ్దం మీద మొదటి మార్కు నమ్మదగ్గది కాదు, మళ్లీ మళ్లీ తగిలినకొద్దీ ఇష్టం పెరుగుతుందని 1968లోనే రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ పరిశోధకుడు చూపించాడు. రెండో వారం కాగితం మొదటిదాని పక్కన పెట్టి, ఏ పాటలకు రెండు మార్కులకు మించి పెరిగాయో గుర్తు పెట్టండి. తర్వాతి వారం ఆ కళాకారుడి ఆల్బమ్ ఒకటి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, ఆ కాలపు వరుసలోనే పెట్టుకోండి.

ఇక్కడ బల్ల మీద ఆరు పాటలు సిద్ధంగా ఉన్నాయి, రెండు మోనోలో, రెండు ఎల్పీ నుంచి, రెండు ఈ దశాబ్దంవి, శబ్దం సమం చేసి ఉన్నాయి. కాగితాలు మీ కుర్చీల మీద ఉన్నాయి. అరవై దాటినవాళ్లు ముందు వరుసలోకి రండి.